కంప్యూటరుకు నీళ్ళెందుకు?

మనిషికి దాహమేస్తుంది, పశువుకు దాహమేస్తుంది, ట్రాక్టరు రేడియేటరుకూ నీళ్ళు కావాలి. కాని బల్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునే కంప్యూటరుకు నీళ్ళేమిటి? పైగా కరెంటుకూ నీళ్ళకూ పడదని చిన్నప్పటినుంచీ విన్నాం గదా! తడి చేతులతో స్టార్టరు ముట్టవద్దని మా ఇంట్లో ఇప్పటికీ కేకలేస్తారు. అలాంటిది కరెంటు నడిచే పెట్టెలోనే నీళ్ళు పారించడమంటే వినడానికే వింతగా వుంటుంది. ఈ సంగతి అంతా నేను పుస్తకాల్లో చదివి రాయడం లేదు. చదివింది కొంత, చేసి చూసింది కొంత.

మా చిన్నాయిన కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, మేడ్చల్‌లో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే చిన్న దుకాణం నడుపుతాడు. రెండేళ్ళ కింద సికింద్రాబాదులో ఒక దుకాణంలో సెకండ్‌హ్యాండు కంప్యూటరు కొన్నాడు. పక్కన అద్దం, అద్దంలోంచి కనిపించే రెండు గొట్టాలు, ఒక డబ్బాలో నీలం రంగు నీళ్ళు. పెళ్ళి వారు వీడియో సంగతి మరిచి ముందు దాన్నే చూసేవారు. మొన్నటి ఎండాకాలం, సరిగ్గా లగ్గాల రోజుల్లో, ఆ యంత్రం పది నిమిషాలు పని చేసి టప్పున ఆగిపోవడం మొదలైంది. ఆపితే చల్లబడేది, మళ్ళీ పెడితే మళ్ళీ ఆగేది. రెండు ఆర్డర్లు చేజారాయి. చూసిన మెకానిక్కు ఒకాయన "ఇది పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొత్తదంటే లక్షన్నర మాట. అన్న వచ్చి మా నాయిన దగ్గర కూర్చున్నాడు. యాసంగి వడ్ల పైసలు అప్పుడే చేతికొచ్చి వున్నాయి. మా నాయిన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత నా దిక్కు తిరిగి "నువ్వు సైన్సు సదువుతున్నవు గద, ముందు గదేందో పోయి సూడు. పైసల సంగతి ఎన్కకు మాట్లాడుదాం" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఉష్ణగతిశాస్త్రం పేపరు అంతకు ముందు సెమిస్టరులోనే రాసి వచ్చాను. మార్కులు కూడా మంచివే వచ్చాయి. అయినా ఆ గొట్టాల్లో నీళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో నాలుగు ముక్కలు చెప్పమంటే నాకు నోరు పెగల్లేదు. ఆ సిగ్గుతోనే మొదలుపెట్టాను.

ముందు వేడి సంగతి. కంప్యూటరులోకి పోయిన కరెంటు ఎటు పోతుంది? మోటరులోకి పోతే కొంత నీళ్ళెత్తే పనిగా మారుతుంది. కంప్యూటరు బరువు ఎత్తదు, బండి లాగదు. కోట్ల కొద్దీ చిన్న చిన్న స్విచ్చులు తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప దానికి వేరే పని లేదు. అందుచేత లోపలికి పోయిన ప్రతి వాటూ దాదాపు చివరికి వేడే అవుతుంది. ఆ దృష్టితో చూస్తే ఇస్త్రీ పెట్టెకూ దానికీ తేడా లేదు. తేడా అంతా వైశాల్యంలో వుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు రేకు సుమారు రెండు వందల చదరపు సెంటీమీటర్లు వుంటుందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు అయిదు వాట్లు. 2023లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-14900కె అనే ప్రాసెసరు గరిష్ఠంగా 253 వాట్లు తీసుకోవచ్చని తయారు చేసినవాళ్ళే రాశారు. ఆ సిలికాను ముక్క వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్ల చిల్లర, బొటనవేలి గోరుకంటే కొంచెం పెద్దది. లెక్క వేస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు వంద వాట్లు, అంటే ఇస్త్రీ పెట్టెకు ఇరవై రెట్లు. పైగా ఇస్త్రీ పెట్టె వేడెక్కడం మనకు కావాలి, ఇక్కడ అది వద్దు. వంద డిగ్రీలు తాకితే ప్రాసెసరు తనంతట తానే నెమ్మదిస్తుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. అన్న కంప్యూటరు చేస్తున్నది అదే. అది చెడిపోలేదు, తనను తాను కాపాడుకుంటోంది.

ఇక ఆ వేడిని గోరంత చోటు నుంచి బయటికి ఎట్లా తేవాలి? మామూలు కంప్యూటర్లలో చిప్పు మీద లోహపు రేకుల దిమ్మె పెట్టి ఫ్యాను తిప్పుతారు. గాలి పని చేస్తుంది గాని, అది బలహీనమైన కూలీ. ఒక ఘనపు సెంటీమీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4.2 జౌళ్ళు కావాలి. అంతే గాలికి 0.0012 జౌలు చాలు. అంటే అదే పరిమాణంలో నీరు గాలికంటే మూడున్నర వేల రెట్లు వేడిని మోస్తుంది. తట్టలో మట్టి మోసినట్లే అనుకోండి. గాలి తట్టలో పిడికెడు పడుతుంది, నీటి తట్టలో బండెడు పడుతుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు వుంది, దీన్ని చాలామంది గమనించరు. నీరు వేడిని బాగా మోస్తుంది గాని, తనలో నుంచి వేడిని సులభంగా పోనివ్వదు. రాగి ఉష్ణవాహకత సుమారు 400 అయితే నీటిది 0.6 మాత్రమే. కదలని నీళ్ళు వేడికి గోడ లాంటివి. అందుకే చిప్పు మీద పెట్టే రాగి దిమ్మెను లోపల బోలుగా వదిలెయ్యరు. దాని అడుగున మిల్లీమీటరు కంటే సన్నటి గోడలు వరసగా చెక్కి, వాటి మధ్య సందుల్లోంచి నీళ్ళను తోస్తారు. సందు ఎంత సన్నమైతే ప్రతి నీటి చుక్కా రాగికి అంత దగ్గరగా పోతుంది. చిప్పుకూ దిమ్మెకూ మధ్య కంటికి కనపడని గాలి పొర వుంటుంది గనక, దాన్ని పూడ్చడానికి ఒక పేస్టు పూస్తారు. గాలి ఉష్ణవాహకత 0.026, పేస్టుది అయిదో పదో. పేస్టు రాగి ముందు ఎందుకూ పనికిరాదు, గాలి ముందు మహారాజు. అందుకని పలచగా పూయాలి. అన్నకు ఎవరో ఎంత పూస్తే అంత మంచిదని చెప్పారట!

దిమ్మెలో వేడెక్కిన నీళ్ళు గొట్టం వెంట రేడియేటరుకు పోతాయి. అక్కడ బల్లపరుపు గొట్టాలు, వాటి మధ్య ముడతలు పెట్టిన పలచటి రేకులు, వాటికి ఫ్యాన్లు. ట్రాక్టరు ముందు వుండేదే, చిన్న సైజులో. చల్లబడ్డ నీళ్ళు డబ్బాలోకి, డబ్బా నుంచి పంపులోకి, పంపు నుంచి మళ్ళీ దిమ్మెకు. ఇదే చుట్టు.

పంపు చూసి మా నాయిన అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా నచ్చింది. "బోర్ల నుంచి నీళ్ళెక్కాలంటే అయిదు హెచ్‌పీ మోటరు కావాలె. ఈ పిడికెడంత మోటరు నీళ్ళను పైకెట్లెక్కిస్తది?" దీనికి జవాబు గిలక బావిలో వుంది. గిలకకు రెండు బొక్కెనలు కడితే, దిగే బొక్కెన బరువు ఎక్కే బొక్కెన బరువును మోస్తుంది. లాగేవాడికి మిగిలేది నీళ్ళ బరువూ, గిలక రాపిడీ. ఇక్కడ రెండు పక్కలా నీళ్ళే. ఒక గొట్టంలో ఎక్కే నీళ్ళు, మరో గొట్టంలో దిగే నీళ్ళు సరిసమానం. కాబట్టి చుట్టు నిండుగా వున్నంతవరకు పంపు ఎత్తు మీద పోరాడదు, రాపిడి మీద మాత్రమే పోరాడుతుంది. అందుకే 12 వోల్టుల చిన్న పంపు చాలు. ఆ పంపుకు ఇరుసు చుట్టూ సీలు కూడా వుండదు. బయట తీగచుట్టలు, లోపల నీళ్ళలోనే మునిగి తిరిగే అయస్కాంతపు చక్రం. దాని బేరింగుకు నూనె నీళ్ళే. నీళ్ళు లేకుండా తిప్పితే కాసేపటికే అరిగి చస్తుంది. మన సబ్‌మెర్సిబుల్ మోటరు కూడా ఇంతే గదా! అది బోరులో మునిగి వుండేది తోడడానికొక్కటే కాదు. పక్కనుంచి పైకి పోయే నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి. మా షామీర్‌పేట దిక్కున బోర్లు ఎండినప్పుడు మోటర్లు కాలిపోయేది అందుకే. కంప్యూటరుకు నీళ్ళెందుకని నవ్వే మనం, నీళ్ళతో చల్లబడే యంత్రాన్ని ఎన్నో ఏళ్ళుగా భూమిలో దించుతూనే వున్నాం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఈ లెక్కే మా అన్న పైసలు మిగిల్చింది గనక ఓపిక పట్టండి. నిమిషానికి ఒక లీటరు నీళ్ళు తిరుగుతున్నాయనుకుందాం. అంటే సెకనుకు సుమారు 16.7 గ్రాములు. దాన్ని 4.2తో గుణిస్తే 70. అంటే 70 వాట్లకు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కుతాయి. చిప్పు 253 వాట్లు వెదజల్లినా దిమ్మెలోకి పోయే నీళ్ళకూ వచ్చే నీళ్ళకూ తేడా 3.6 డిగ్రీలే! నేను నీళ్ళు సలసలా కాగి వస్తాయనుకున్నాను. చేత్తో ముట్టుకుంటే రెండు గొట్టాల తేడా తెలియనంత తక్కువ. తెలిస్తే ఏదో తప్పు జరుగుతున్నట్లు లెక్క.

దుకాణానికి పోయి పక్క తలుపు తీసి రెండు గొట్టాలూ రెండు చేతులతో పట్టుకున్నాను. ఒకటి మామూలుగా వుంది, రెండోది చురుక్కుమంది. అన్న యంత్రం ఆ ప్రాసెసరంత పెద్దది కూడా కాదు, పని మీద వున్నప్పుడు 150 వాట్ల చిల్లర. లెక్క ప్రకారం తేడా సుమారు రెండు డిగ్రీలే వుండాలి. ఇంత తేడా వుందంటే నిమిషానికి లీటరు కాదు, చెంచాలకొద్దీ పారుతున్నట్లు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రేడియేటరు బాగానే వుంది. పంపు తిరుగుతున్న చప్పుడు వుంది. మరి నీళ్ళు ఎక్కడో అడ్డుపడుతున్నాయి. అడ్డుపడటానికి అన్నింటికంటే ఇరుకైన చోటు ఏది? రాగి దిమ్మెలోని సన్నటి సందులు.

నీళ్ళు దింపి దిమ్మె విప్పాం. లోపల తెల్లగా, అక్కడక్కడ పచ్చగా, జావ లాంటి పదార్థం పేరుకుని వుంది. అన్నను నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. మెత్తటి గొట్టాల గోడల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరై పోతూ వుంటుంది, అది మామూలే. డబ్బాలో మట్టం తగ్గినప్పుడల్లా అన్న బోరు నీళ్ళు పోశాడు. మా వైపు బోరు నీళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. బకెట్టుకు తెల్ల చారలు, హీటరు రాడ్డుకు సున్నపు పెంకు. ఆ సున్నమే సందుల్లో కూర్చుంది.

అది సగం దోషమే. ఇంకో సగం ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో వుంది. దిమ్మె రాగి, రేడియేటరు అల్యూమినియం. రెండు లోహాలు, మధ్య ఉప్పులు కరిగిన నీళ్ళు. ఇంకేం కావాలి, బ్యాటరీ తయారైంది! రాగి ప్రమాణ పొటెన్షియల్ +0.34 వోల్టు, అల్యూమినియంది −1.66. రెండింటి మధ్య రెండు వోల్టుల తేడా. అల్యూమినియం కరిగి తెల్లటి హైడ్రాక్సైడు జావగా మారుతుంది, అదంతా చుట్టులో తిరిగి దిమ్మెలో ఇరుక్కుంటుంది. శుద్ధమైన నీరు పోస్తే ఈ చర్య నెమ్మదిస్తుంది, ఆగదు. అందుచేత చుట్టులో రాగి, ఇత్తడి వాడితే అవే వాడాలి, అల్యూమినియం కలపరాదు. ఈ రెంటినీ కలిపి అమ్మినవాడికి ఇది తెలియదో, తెలిసే అమ్మాడో నేను చెప్పలేను.

దిమ్మెను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో కడిగాం. అల్యూమినియం రేడియేటరు పక్కన పడేసి, రాగి గొట్టాలది పాతది ఒకటి కొన్నాం. నీళ్ళ కోసం ఎక్కడికో పోనక్కర లేదు. ఇన్వర్టరు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణంలో దొరుకుతుంది. అడిగేటప్పుడు జాగ్రత్త, యాసిడ్ డబ్బా కూడా ఆ పక్కనే వుంటుంది. అందులో తుప్పు పట్టకుండా, పాచి పట్టకుండా మందు కలిపాం. ఇంట్లో ఫిల్టరు నీళ్ళు చాలవా అని అడుగుతారు. చాలవు, వాటిలోనూ ఉప్పులు కొంత మిగులుతాయి.

నింపడం మాత్రం కడగడం కంటే కష్టమైంది. చుట్టు నిండేదాకా గిలక బొక్కెనల సూత్రం పని చేయదు గదా. అప్పటిదాకా పంపు నిజంగానే నీళ్ళెత్తాలి. మొదటిసారి పెట్టగానే పంపు గరగరమంది, నీళ్ళు కదలలేదు. నేను పంపు పోయిందనుకుని చెమటలు పట్టి కూర్చున్నాను. మా నాయిన తలుపు దగ్గరనే నిలబడి విని "గాలి వట్టిందిరా. మోటరు గాలి వడితే గట్లనే మొత్తుకుంటది. జర వంచు దాన్ని" అన్నాడు. పెట్టెను ముందుకూ వెనక్కూ వంచితే బుడగలు బుడబుడమని డబ్బాలోకి ఎక్కాయి, చప్పుడు ఆగింది, నీళ్ళు పరుగెత్తాయి. గాలి ఎప్పుడూ చుట్టులో అన్నింటికంటే ఎత్తున్న చోటికి చేరుతుంది. అక్కడ డబ్బా వుంటే మంచిది, పంపు వుంటే ముప్పు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి నీళ్ళు పోసి సీలు వేసిన కూలర్లు. వాటిలో చాలావాటికి పంపు చిప్పు మీది దిమ్మెలోనే వుంటుంది. అలాంటి దానికి రేడియేటరును కింద బిగించి దిమ్మెను అన్నింటికంటే పైన వుంచితే, ఈ గాలి బాధ తప్పదు.

ఆ రాత్రంతా కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే తిప్పి, కింద పాత దినపత్రికలు పరిచి ఉంచాం. ఎక్కడైనా చుక్క కారితే కాగితం మీద తెలుస్తుంది. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు పోనివ్వదంటారు, నిజమే. కాని దుమ్ము తాకిన మరుక్షణం అది శుద్ధమైన నీరు కాదు. తెల్లారేసరికి కాగితాలు పొడిగా వున్నాయి.

ఇక మేడ్చల్ ఎండ సంగతి. రేడియేటరు నీళ్ళను గది గాలి కంటే చల్లగా ఎన్నటికీ చేయలేదు. వేడి ఎక్కువ నుంచి తక్కువకే పోతుంది గనక. బాగు చేసిన తర్వాత మధ్యాహ్నం చూస్తే గది 37 డిగ్రీలు, నీళ్ళు 47, చిప్పు 82. ఇందులో గది నుంచి నీళ్ళకు 10 మెట్లు, నీళ్ళ నుంచి చిప్పుకు 35 మెట్లు. ఓమ్ సూత్రం లాంటిదే ఇది. వాట్లు కరెంటు, డిగ్రీల తేడా వోల్టేజి. వాట్లు మారనంతకాలం మెట్ల సంఖ్య మారదు. గది 27 డిగ్రీలైతే చిప్పు 72కు దిగుతుంది. మరి మన రంజన్‌లో నీళ్ళు గది కంటే చల్లగా ఎట్లా వుంటాయి? అక్కడ నీరు మట్టి గోడల్లోంచి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ళు పట్టుకుపోతుంది. కాని ఆ చల్లదనానికి నీళ్ళు ఖర్చవుతాయి. కూలింగ్ టవర్లు పెట్టే పెద్ద డేటా సెంటర్లది రంజన్ పద్ధతి, అందుకే వాటి నీటి వాడకం గురించి లోకమంతా మాట్లాడుతోంది. బల్ల మీది కంప్యూటరుది మూసిన చుట్టు. "నెలకెన్ని బిందెలు తాగుతది?" అని మా అమ్మ అడిగింది. మొత్తం లీటరుకు లోపే, అదీ ఏడాదికొకసారి మార్చడానికి.

ఆ లీటరు నీళ్ళు వేడిని మింగవని కూడా గుర్తుంచుకోవాలి, మోస్తాయి అంతే. 150 వాట్ల పని మీద ఫ్యాన్లు ఆగితే లీటరు నీళ్ళు నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున వేడెక్కుతూ పోతాయి. రేడియేటరు రేకుల్లో దుమ్ము పేరుకుంటే నెమ్మదిగా జరిగేదీ అదే. మెయిన్ రోడ్డు పక్క దుకాణానికి నెలకొకసారి బ్రష్షు తప్పదు.

ఇదంతా కొత్త విద్య కూడా కాదు. ఐబిఎం 1980లో ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటరు నీళ్ళతోనే చల్లబడేది. 1985 నాటి క్రే-2లో సర్క్యూట్లను ఏకంగా కరెంటు పారని ఒక ద్రవంలో ముంచారు. 2004లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జి5లో ద్రవాన్ని తిప్పి బల్ల మీదికి తెచ్చింది. మన దిక్కు చూస్తే, ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో వున్న ఈసీఐఎల్ 1967లో మొదలై, 1969 నాటి టిడిసి-12తో కంప్యూటర్ల తయారీలోకి దిగింది.

మీ కంప్యూటరుకు నీళ్ళు పెట్టించాలా అంటే, నన్నడిగితే చాలామందికి అక్కరలేదు. రికార్డులు రాసుకోవడానికి, సినిమాలు చూడడానికి ఫ్యాను చాలు. మంచి ఫ్యాను కూలరులో వుండే రాగి గొట్టాల లోపల కూడా కొద్దిగా నీరే వుంటుంది. తక్కువ ఒత్తిడిలో అది తక్కువ వేడికే మరిగి, ఆవిరై, అవతలి కొనలో మళ్ళీ నీరై తిరిగొస్తుంది. దానికి పంపు లేదు, కారడం లేదు. గంటల తరబడి వీడియో పని చేసే అన్న లాంటివాళ్ళకు నీళ్ళ చుట్టు అర్థముంది.

మొత్తం ఖర్చు కొత్త యంత్రం ధరలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. షామీర్‌పేట పెళ్ళి వారి వీడియో పదకొండు రోజులు ఆలస్యంగా ఇచ్చాడు, వాళ్ళు కొంత పట్టుకునే ఇచ్చారు. వడ్ల పైసలు మా ఇంట్లోనే వున్నాయి. డబ్బా మీద ఇప్పుడు ఒక నల్ల గీత వుంది, నీళ్ళు అంతకు తగ్గితే నాకు ఫోను చేయాలని ఒప్పందం. బల్ల కింద బ్యాటరీ నీళ్ళ డబ్బా పెట్టి, దాని మీద "తాగడానికి కాదు" అని అన్న స్వయంగా రాసుకున్నాడు.